రోహిణి కార్తె రాకముందే: టర్బో కారుకు ట్యూనింగ్ చేయించే వాళ్లకు జాగ్రత్తలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. తిరుపతిలో ఆ ఎండకు టర్బో ఇంజన్ కూడా అల్లాడిపోతుంది. ట్యూనింగ్, అంటే పవర్ పెరిగేలా ఇంజన్ సెట్టింగులు మార్పించడం, చేయించాలనుకునే వాళ్లు ఆ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

టర్బో గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపుతుంది. నొక్కితే గాలి వేడెక్కుతుంది. ఆ వేడిని ఇంటర్‌కూలర్ తగ్గించాలి. బయటి గాలే 42 డిగ్రీలుంటే అది మాత్రం ఎంతని చల్లబరుస్తుంది? లోపలికి వెళ్లే గాలి మరీ వేడిగా ఉంటే, స్పార్క్ మంట చేరేలోపే మిగిలిన గాలి-పెట్రోల్ మిశ్రమం తనంతట తానే పేలుతుంది. అదే నాకింగ్. ముదిరితే పిస్టన్లు పగులుతాయి. అందుకే కంపెనీ ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) వేడి పెరిగేకొద్దీ ఇగ్నిషన్ టైమింగ్‌ను, అంటే స్పార్క్ పడే సమయాన్ని, వెనక్కి లాగి, బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) తగ్గిస్తుంది. ఎండాకాలంలో బండి కాస్త మందంగా అనిపించడానికి ఇదో కారణం. ఆ కాపలాను తీసేసి పవర్ ఇస్తామనే వాళ్ల దగ్గరికి వెళ్లకండి.

నేను ఈ తప్పు చేశాను. డిసెంబర్ చలిలో బెంగళూరులో ఒక షాపులో ట్యూనింగ్ బాక్స్ పెట్టించాను. అక్కడ బండి ఎగిరిపోయినట్టు నడిచింది. మే నెలలో అలిపిరి దాటి కొండెక్కుతుంటే సగం దారిలో చెక్ ఇంజన్ లైటు వెలిగి, పవర్ పడిపోయింది. కార్లో అమ్మ, పిల్లలు. వెనక బస్సులు. ఆ టెన్షన్ ఎవరికీ రాకూడదనే ఇది రాస్తున్నాను.

బాక్స్ చవక, గంటలో బిగిస్తారు. కానీ అది చేసే పని, సెన్సర్ పంపే రీడింగ్‌ను తగ్గించి ఈసీయూకు చూపించడం. బూస్ట్ చాలలేదనుకుని ఈసీయూ ఇంకా పెంచుతుంది. అసలు ఒత్తిడి ఎంతో దానికి తెలియదు. రీమ్యాప్ అలా కాదు, ఈసీయూలోని లెక్కలనే మారుస్తుంది. కాబట్టి వేడి, నాకింగ్ రక్షణలను అలాగే ఉంచి మిగతావి సవరించే వీలుంది. రోజూ తిరిగే కారుకు నా ఓటు మితమైన రీమ్యాప్‌కే. స్టాండలోన్ ఈసీయూ, అంటే కంపెనీది తీసేసి పెట్టే విడి ఈసీయూ, రేసింగ్ బండ్లకు, పెద్ద టర్బో మార్చిన వాళ్లకు. ఇంట్లో వాళ్లు ఎక్కే కారుకు అక్కర్లేదు.

డబ్బులిచ్చే ముందు ట్యూనర్‌ను లాగ్, అంటే బండి నడుస్తుండగా తీసిన రీడింగుల రికార్డు, అడగండి. అదీ మధ్యాహ్నం ఎండలో తీసింది. లోపలికి వెళ్లే గాలి వేడి, నాకింగ్ వల్ల ఎన్ని డిగ్రీల టైమింగ్ తగ్గింది, బూస్ట్, గాలి-పెట్రోల్ నిష్పత్తి, ఈ నాలుగూ అందులో ఉండాలి. చూపించకపోతే లేచి వచ్చేయండి. కంపెనీ ఒరిజినల్ ఫైల్ కాపీ కూడా మీ చేతికి రావాలి.

పెట్రోల్ సంగతి చాలామంది పట్టించుకోరు. 100 ఆక్టేన్ (నాకింగ్‌ను బాగా తట్టుకునే) పెట్రోల్ మీద చేసిన మ్యాప్‌తో, అంటే రీమ్యాప్‌లో రాసిన లెక్కలతో, పీలేరు దారిలో ఏ బంకు కనబడితే అక్కడ మామూలు పెట్రోల్ పోయిస్తే ఇంజన్‌ను చేతులారా పాడు చేసుకున్నట్టే. మీరు రోజూ పోయించే పెట్రోల్ మీదే మ్యాప్ చేయించండి. ఇథనాల్ 20 శాతం కలిస్తే సరైన గాలి-ఇంధన నిష్పత్తి 14.7 నుంచి దాదాపు 13.5కి దిగుతుంది, అంటే ఇంధనం ఎక్కువ కావాలి. ట్యూనర్ దీన్ని లెక్కలో పెట్టాడో లేదో అడగండి.

ట్యూనింగ్‌కు ముందే గొట్టాల్లో గాలి లీకు, స్పార్క్ ప్లగ్‌లు, కూలెంట్ చూపించండి. ఇంటర్‌కూలర్ రెక్కల్లో దుమ్ము దులిపించండి. వారంటీ పోవచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకు ఏం చెప్పాలో ముందే కనుక్కోండి.

కొత్త మ్యాప్‌ను ఘాట్ రోడ్డులో పరీక్షించకండి. అది భక్తుల దారి. కొండెక్కేటప్పుడు పై గేరులో తక్కువ ఆర్‌పీఎమ్‌తో యాక్సిలరేటర్ నొక్కి పెట్టకుండా ఒక గేరు తగ్గించండి. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోలకు ఇది మరీ ముఖ్యం. తిరుమల చేరాక వెంటనే ఆపేయకుండా ఒకట్రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. కాగిపోయిన టర్బో బేరింగుల్లో ఆయిల్ ఆడుతూ వేడిని లాగేసుకుంటుంది.