తిండి చుట్టూ అల్లుకునే జబ్బులు: ఇంట్లోవాళ్లు గుర్తించడం ఎలా

తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు ఆలస్యంగా బయటపడటానికి ముఖ్య కారణం, వాటి తొలి లక్షణాలు మన ఇళ్లలో మెచ్చుకోదగిన అలవాట్లలా కనిపించడమే. ఇంటర్ చదివే అమ్మాయి రాత్రి అన్నం మానేస్తే ఒళ్లు తగ్గించుకుంటోందని సంతోషిస్తారు. శనివారం మాత్రమే ఒంటిపూట ఉండే కుర్రవాడు సోమవారం, గురువారం కూడా ఉపవాసం పడితే భక్తి కుదిరిందనుకుంటారు. కాబట్టి గమనించవలసింది మానేయడాన్ని కాదు, దాని వెనక ఉన్న బిగువును. పండగనాడు కూడా ఆ నియమం సడలకపోతే, ఒక్క ముద్ద ఎక్కువ తిన్నందుకు ఏడుపో కోపమో వస్తే, మరునాడు దానికి పరిహారంగా కడుపు మాడ్చుకుంటే, అది క్రమశిక్షణ కాకపోవచ్చు.

ఈ రుగ్మతల్లో ప్రధానమైనవి మూడు. బరువు పెరుగుతామన్న తీవ్రమైన భయంతో తిండిని ప్రమాదకరంగా తగ్గించుకోవడం అనోరెక్సియా నెర్వోసా. దీన్ని 1873లోనే లండన్‌లో విలియం గల్, పారిస్‌లో షార్ల్ లాసెగ్ అనే వైద్యులు వర్ణించారు. తక్కువ సమయంలో అదుపు లేకుండా చాలా తినేసి, ఆ తరువాత వాంతి చేసుకోవడం, పస్తులుండటం, మితిమీరిన వ్యాయామం వంటి మార్గాలు పట్టడం బులీమియా నెర్వోసా; దీనికి 1979లో జెరాల్డ్ రసెల్ ఆ పేరు పెట్టారు. అదుపు తప్పి తినడం ఉండి, ఆ తరువాతి పరిహారాలు లేనిది బింజ్ ఈటింగ్. అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో దీనికి ప్రత్యేక స్థానం 2013లో దక్కింది. ఒకే మనిషి కాలక్రమంలో ఒకదానినుంచి మరొకదానికి మారవచ్చు గనుక, ఇంట్లోవాళ్లు పేరు తేల్చుకునే పని పెట్టుకోనక్కరలేదు.

"మొండితనం, నాలుగు తగిలిస్తే అదే తింటుంది" అనే పెద్దలకు ఒక పాత ప్రయోగం గురించి చెప్పాలి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో, ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు స్వచ్ఛందంగా ఆరు నెలలపాటు అర్ధాకలితో ఉన్నారు. రోజులు గడిచేకొద్దీ వాళ్లకు తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదవడం, ఒక్కొక్క పూట భోజనాన్ని చాలాసేపు సాగదీయడం, స్నేహితులకు దూరం కావడం, చిన్న విషయానికే చిరాకుపడటం మొదలైంది. అంటే మనం మొండితనమనుకునేదాంట్లో చాలా భాగం, ఆకలితో ఉన్న మెదడు చేయించే పని. తాను తినకుండా ఇంటిల్లిపాదికీ ఇష్టంగా వండి వడ్డించే పిల్ల కనబడితే, దాన్ని బుద్ధిమంతుల లక్షణంగా కాక ఈ వెలుగులో చూడాలి.

గమనించడానికి భోజనాల దగ్గరే ఎక్కువ ఆధారాలు దొరుకుతాయి. అన్నం కలిపి కంచమంతా పరిచి, తిన్నట్టు కనిపించేలా అంచులకు నెట్టడం. కూరలో నూనెను పక్కకు వంచి వేరుచేయడం. మజ్జిగ పోసుకుని చాలాసేపు కలుపుతూనే ఉండి లేచిపోవడం. స్నేహితురాలి ఇంట్లో తినేశాననే మాట రోజూ వినిపించడం ఒక రకం. తిన్న వెంటనే బాత్రూంకు వెళ్లడం, లోపల కుళాయి ధారగా వదిలి ఉండటం, రాత్రికి రాత్రే డబ్బాలోని జంతికలు ఖాళీ కావడం, మంచం కింద బిస్కెట్ కాగితాలు దొరకడం ఇంకో రకం. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. రెండు మూడు కలిసి వారాల తరబడి సాగితే ఉపేక్షించకూడదు.

శరీరం కూడా సంకేతాలిస్తుంది. నెలసరి ఆగిపోవడం, మే నెలలో కూడా చలిగా ఉందనడం, ముఖంమీద, చేతులమీద సన్నని నూగు మొలవడం, లేచి నిలబడగానే కళ్లు తిరగడం ఆకలివల్ల వచ్చేవి. పదేపదే వాంతి చేసుకునేవారిలో దవడల దగ్గర బుగ్గలు ఉబ్బుతాయి, పళ్లపై ఎనామిల్ అరుగుతుంది, వేళ్ల కణుపులపై కాయలు కాస్తాయి. అందుకే కొన్నిసార్లు ఈ జబ్బు మొదట దంతవైద్యుడి కంటపడుతుంది. బరువు మామూలుగా ఉందని ధైర్యపడకూడదు, ఎందుకంటే బులీమియా ఉన్నవారిలో చాలామంది చూడటానికి మామూలుగానే ఉంటారు. మగపిల్లల్లో ఇది కండల పిచ్చిగా, జిమ్‌కు ఒక్కరోజు వెళ్లకపోతే విలవిల్లాడటంగా కనిపించవచ్చు. మధుమేహం ఉన్న పిల్లలు బరువు తగ్గడానికి ఇన్సులిన్ ఎగ్గొట్టడం ప్రాణాంతకం.

మన దేశంలో మరో చిక్కు ఉంది. లావవుతానన్న భయాన్ని బయటపెట్టకుండా, కడుపు ఉబ్బరమనీ, గ్యాస్ అనీ, ముద్ద దిగడం లేదనీ చెప్పే రోగులు ఇక్కడ ఉన్నారు. పొట్టకు చేసిన పరీక్షలన్నీ బాగున్నా బరువు తగ్గుతూనే ఉంటే, ఈ కోణం కూడా చూడమని వైద్యుణ్ని అడగాలి.

మాట్లాడటానికి భోజన సమయం తగదు. ఇంటిల్లిపాదీ చుట్టుముట్టకుండా, పిల్లకు చనువున్న ఒక్కరే, చూసినదాన్ని చూసినట్టు చెప్పాలి: "తల్లీ, కొన్నాళ్లుగా నువ్వు మాతో కూర్చుని తినడం లేదు, తిన్నా వెంటనే లోపలికి వెళ్తున్నావు. నాకు దిగులుగా ఉంది. ఏమవుతోందో నాతో చెబుతావా?" మొదటిసారి కాదంటుంది, మళ్లీ అడగాలి. ఒట్టు వేయించుకోవడం, పిన్నికూతురితో పోల్చడం పనిచేయవు. కోలుకుంటున్న రోజుల్లో "ఇప్పుడు కాస్త ఒళ్లు చేశావు, ముఖం కళగా ఉంది" అనే మెచ్చుకోలు మరీ చేటు. ఆ చెవికి అది లావయ్యావన్నట్టే వినిపిస్తుంది. పెళ్లిళ్లలో ఇలాంటి మాటలనే బంధువులను ముందే హెచ్చరించడం మర్యాదకు భంగమేమీ కాదు.

మానసిక వైద్యుడితోపాటు శరీర పరీక్ష కూడా తప్పనిసరి: నాడి, పడుకున్నప్పుడూ నిలబడినప్పుడూ రక్తపోటు, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్, ఈసీజీ. రక్తపరీక్షలు బాగున్నంతమాత్రాన ప్రమాదం లేదనుకోకూడదు. స్పృహ తప్పడం, గుండె దడ, ఛాతీ నొప్పి, వాంతిలో రక్తం, చనిపోవాలన్న మాట, వీటిలో ఏదున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చాలా రోజులు పస్తులున్న మనిషికి ప్రేమకొద్దీ ఒక్కసారిగా కడుపునిండా పెట్టడం కూడా అపాయమే. రక్తంలో ఫాస్ఫేట్ హఠాత్తుగా పడిపోయి గుండెకు ముప్పు రావచ్చు గనుక, మళ్లీ తినిపించడం వైద్యుల పర్యవేక్షణలో మెల్లగా జరగాలి.

కౌమారంలో ఉన్నవారికి, లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న పద్ధతి ప్రకారం, కొంతకాలం ఏం తినాలో, ఎంత తినాలో తల్లిదండ్రులే నిర్ణయించి, పక్కన కూర్చుని తినిపిస్తారు. పెద్దవారికి ఆలోచనల తీరును మార్చే కౌన్సెలింగ్, బులీమియాకు అవసరాన్నిబట్టి ఫ్లూయాక్సెటిన్ వంటి మందులు ఉంటాయి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారు 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవకు, 14416 నంబరుకు, తెలుగులోనే ఉచితంగా ఫోన్ చేయవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు చివరి నెలసరి తేదీ, బరువు ఎప్పటినుంచి మారిందో, వాంతులు కంటపడితే ఎన్నిసార్లో ఒక కాగితంమీద రాసుకుని వెళ్లండి; అది వైద్యుడికి అందించాక, పిల్ల ఒంటరిగా మాట్లాడేందుకు కాసేపు మీరు గది బయట కూర్చోండి.