అమెరికా మద్యనిషేధం నాటి అక్రమ రవాణా అప్పీలు తీర్పు ఎలా చదవాలి?

ఈ తీర్పులు తెరవగానే చాలామందికి వచ్చే సందేహం ఒకటే: కారులో సీసాలు దొరికాక ఇంకా అప్పీలేంటి? ఆ సీసాలు ఎలా దొరికాయన్నదే అసలు గొడవ, అక్కడ సోదా చెల్లకపోతే ఆ సీసాలు సాక్ష్యంగా పనికిరావు. 1925 నాటి కారోల్ కేసు తీసుకుందాం, సుప్రీంకోర్టు తీర్పు మొత్తం నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

1. ముందు చట్టం చూసుకోండి. నిషేధం 1920 జనవరి 17 నుంచి 1933 డిసెంబర్ 5 వరకు నడిచింది. ఆ నిషేధాన్ని అమలు చేసిన వోల్‌స్టెడ్ చట్టంలో 26వ సెక్షన్ చదవండి, మద్యం తరలిస్తున్న బండినీ సరుకునూ పట్టుకునే అధికారం అందులోనే ఉంది.

2. జరిగినవన్నీ తేదీలవారీగా రాసుకోండి, ఇక్కడ తొందరపడొద్దు. 1921 సెప్టెంబర్ 29న మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో, కొనేవాళ్లలా నటించిన అధికారులతో నిందితులు మూడు పెట్టెల విస్కీకి బేరం కుదుర్చుకున్నారు, కానీ సరుకు తేలేదు. అక్టోబర్ 6న వాళ్ల కారు డెట్రాయిట్ వైపు వెళ్తుంటే అధికారులు వెంబడించారు, ఈస్ట్ లాన్సింగ్ దగ్గర తప్పిపోయింది. డిసెంబర్ 15న అదే కారు డెట్రాయిట్ వైపు నుంచి వస్తుంటే వారెంట్ లేకుండానే ఆపి, సీటు మెత్త చింపి చూస్తే 68 సీసాలు బయటపడ్డాయి.

3. ఇప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: మెత్త చింపకముందు అధికారులకు ఏం తెలుసు? పాత బేరం తెలుసు, కారు తెలుసు, కెనడా సరిహద్దులోని డెట్రాయిట్ నుంచి దొంగ సరుకు వస్తోందనీ తెలుసు. వారెంట్ లేని సోదాకు ఇవి చాలన్నారు చీఫ్ జస్టిస్ టాఫ్ట్, ఇల్లయితే ఎక్కడికీ పోదు గానీ వారెంట్ తెచ్చేలోపు కారు వెళ్లిపోతుంది కదా అని. శిక్ష నిలిచింది.

4. విభేదించిన జడ్జీల మాట వదిలేయకండి. సదర్లాండ్ మద్దతుతో మెక్‌రేనాల్డ్స్ రాసింది నాకైతే చాలా బలంగా అనిపిస్తుంది: ఇంత చిన్న నేరానికి కేవలం అనుమానంతో అరెస్టు చేసే అధికారం చట్టం ఇవ్వలేదు, కాబట్టి ఆ సోదా చెల్లదు అన్నారాయన.

5. ఇదే పద్ధతిలో 1995లో ఎన్టీఆర్ తెచ్చిన మద్యనిషేధం కేసులు చదవబోతే పొరపాటు పడతారు. సోదా చట్టవిరుద్ధమైనంత మాత్రాన దొరికిన సాక్ష్యాన్ని పక్కన పెట్టక్కర్లేదని మన సుప్రీంకోర్టు పూరన్ మల్ కేసులో 1974లోనే చెప్పింది. అందుకే మన అప్పీళ్లలో పంచనామా, శాంపిల్ సీలు, కెమికల్ రిపోర్టు, సాక్షుల మాటల్లో పొసగని చోట్లు ముందుగా వెతకండి.