ట్రైనింగ్ ఒక్కటే సరిపోదు, గిరాకీ నిలబడేదాకా ఏం చెయ్యాలి

బెంగళూరులో కేఆర్ పురం, మారతహళ్లి వైపు మన అనంతపురం, చిత్తూరు నుంచి వచ్చినోళ్ళు చాలా మంది ఉన్నారు, ఆయన మేస్త్రి పని, ఆవిడ ఇళ్ళల్లో పని, ఒక్క వారం జ్వరమొస్తే అప్పే. ఏదైనా ట్రైనింగ్ ఉంటే చెప్పక్కా అని అడుగుతుంటారు, వాళ్ళ కోసం రాస్తున్నా.

చేరేముందు ఒక వారం మీ వీధి చూడండి, జనం దేనికి డబ్బులిస్తున్నారో. ఇక్కడ చీర కొంగుకి వేసే కుచ్చులకి, ఫాల్, పీకోకి, జాకెట్లకి గిరాకీ ఉంటుంది. కుచ్చులైతే మిషన్ కూడా అక్కర్లేదు, సూది, దారం, పూసలు చాలు, చిక్‌పేటలో హోల్‌సేల్‌గా దొరుకుతాయి. పక్కింటోళ్ళ చీరకి వేసి చూపించండి, డబ్బులిచ్చి ఇంకో చీర తెస్తే అప్పుడు నమ్మండి.

ట్రైనింగ్‌కి ఆర్‌సెటీ మంచిది, అంటే సొంత పని పెట్టుకునే ఊళ్ళ వాళ్ళకి బ్యాంకులు నడిపే ట్రైనింగ్ సెంటర్. 1982లో ధర్మస్థల దగ్గర ఉజిరెలో ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే గారు, సిండికేట్, కెనరా బ్యాంకులు కలిసి మొదలుపెట్టిన రుడ్‌సెటీ అనే సెంటర్‌ని చూసి తర్వాత దేశమంతా పెట్టారు. ఊళ్ళ వాళ్ళకి ఫ్రీ, భోజనం, ఉండటానికి చోటు కూడా ఇస్తారు, అందుకే మీ ఆధార్ ఇంకా ఊరి అడ్రస్‌లోనే ఉంటే మీ జిల్లాలోనే అడగండి. కోర్సు అయ్యాక రెండేళ్ళ దాకా ఫాలో అప్ చేస్తారు, నా దృష్టిలో సర్టిఫికెట్ కంటే అదే ముఖ్యం. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 2002లో మొదలుపెట్టింది కూడా ఇలాంటిదే, బాగా పేద కుటుంబానికి ఆవో మేకలో ఇచ్చి, పెంపకం నేర్పి, కొన్నాళ్ళు తిండి ఖర్చులకి ఇచ్చి, పొదుపు అలవాటు చేసి, మాటిమాటికీ ఇంటికొచ్చి చూసేవాళ్ళు. దాన్ని ఇండియా, ఘనా, పెరూ లాంటి 6 దేశాల్లో పరీక్షించి 2015లో ఫలితాలు చెప్పారు, సాయం ఆగిపోయిన ఏడాది తర్వాత కూడా మొత్తం మీద ఆ కుటుంబాలు మెరుగ్గానే ఉన్నాయి. ఆ ఆరింట్లో ఒకటైన హోండురాస్‌లో మాత్రం తీసుకున్న కోళ్ళు చాలా వరకు రోగమొచ్చి చచ్చిపోయాయి. కొత్త పని ఒక్కోసారి ఇలా దెబ్బతింటుంది, అందుకే చెప్తున్నా, కుట్టు పని మూడు నెలలు వరసగా నడిచేదాకా ఇళ్ళ పని మొత్తం మానెయ్యొద్దు, ఒకటి రెండు ఇళ్ళు ఉంచుకోండి.

లోన్ గిరాకీ వచ్చాకే. ముద్ర అని చిన్న వ్యాపారాలకి కేంద్రం లోన్ పథకం ఉంది, అందులో శిశు అని 50,000 దాకా ఇస్తారు, తాకట్టు అడక్కూడదు. టైలర్ పని చేసేవాళ్ళకి పీఎం విశ్వకర్మ అని చేతి పనుల వాళ్ళ కోసం కేంద్రం పథకం ఉంది, ట్రైనింగ్‌లో రోజుకి 500 చొప్పున, పనిముట్లకి 15,000, ఇంట్లో ఒక్కరికే. మధ్యలో ఎవరైనా కమీషన్ అడిగితే ఇవ్వొద్దు, నేరుగా బ్యాంకుకో, ప్రభుత్వ పథకాలకి అప్లై చేసే సీఎస్సీ (కామన్ సర్వీస్ సెంటర్)కో వెళ్ళండి.

ఇంక లెక్క. చీరకి 200 తీసుకున్నారనుకోండి, దారం పూసలకి 40 పోతే 160, మూడు గంటలు పట్టిందంటే గంటకి 50 పైన. ఇది రాయకపోతే ఇళ్ళ పని కంటే తక్కువ వస్తున్నా తెలీదు, చాలా మంది అక్కడే దెబ్బతింటారు. సరుకు డబ్బులు వేరే డబ్బాలో పెట్టండి, గ్యాస్ అయిపోయినా, పిల్లాడి ఫీజు వచ్చినా అందులోంచి తియ్యొద్దు, మళ్ళీ చిక్‌పేట వెళ్ళడానికి ఆ డబ్బులే దిక్కు.