పదిహేనేళ్లు కాగితం మీద నిండాయా? సెలవుకొచ్చే సిపాయి తమ్ముళ్లకు జాగ్రత్తలు

ఈ మధ్య గుత్తి వైపు నుంచి ఒక కుర్రాడు తన డిశ్చార్జి పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆర్మీలో చేరిన తేదీ నుంచి లెక్కేస్తే అతని సర్వీసు పదిహేనేళ్ల ఇరవై రోజులు. పింఛను ఖాయమనుకుని, సొంత కోరిక మీద డిశ్చార్జి తీసుకుని ఇంటికి వచ్చేశాడు. పుస్తకంలో సర్వీసు వివరాల పేజీ తిప్పితే, పింఛను లెక్కలోకి రాని సర్వీసు అన్న గడిలో నీలం సిరాతో 38 రోజులు అని రాసి ఉంది. కొన్నేళ్ల కిందట వాళ్ల నాయనకు ఆపరేషన్ అయినప్పుడు, సెలవు అయిపోయినా తిరిగి వెళ్లకుండా ఆసుపత్రిలో ఉండిపోయిన రోజులవి. వాటిని తీసేస్తే పదిహేనేళ్లకు 18 రోజులు తక్కువ. అందుకే అతనికి నెలనెలా పింఛను రాదు.

"పదిహేనేళ్లు చేశాను కదా సార్" అని అతను అంటూనే ఉన్నాడు. పక్కన అతని భార్య ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

నేను ఆర్మీలో క్లర్కుగా కాగితాల మధ్యే పనిచేసి సుబేదారుగా దిగినవాణ్ని. ఇప్పుడు అనంతపురంలో ఉంటూ, మా వైపు పిల్లలు తెచ్చే కాగితాలు చూసిపెడుతుంటాను. వేసవి వస్తోంది. యాన్యువల్ లీవ్ 60 రోజులు పెట్టుకుని చాలామంది ఇళ్లకు వస్తారు. పెళ్లిళ్లు, జాతరలు, పొలం పంపకాలు అన్నీ అప్పుడే జరుగుతాయి. 'ఇక చాలు, వచ్చేయ్' అన్న మాట పుట్టేదీ అప్పుడే. అందుకే ఇది ఇప్పుడు రాస్తున్నాను.

ఆర్మీ మేలా, ఊరు మేలా అన్న చర్చ జోలికి పోను. ఎవరి ఇల్లు వాళ్లకు తెలుసు. నేను చెప్పాలనుకున్నది ఒకటే: మీ క్వాలిఫయింగ్ సర్వీస్ (పింఛను లెక్కలోకి వచ్చే సర్వీసు) పదిహేనేళ్లు నిండిందని రికార్డు ఆఫీసు నుంచి కాగితం వచ్చేదాకా డిశ్చార్జి దరఖాస్తు మీద సంతకం పెట్టొద్దు.

పదిహేనేళ్ల లెక్క

జవాన్లకు, జేసీఓలకు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు) సర్వీస్ పింఛను రావాలంటే కనీసం 15 ఏళ్ల క్వాలిఫయింగ్ సర్వీస్ ఉండాలి. ఆఫీసర్లకైతే 20 ఏళ్లు. ఇది మీరు ట్రైనింగ్ మొదటిరోజు నుంచీ వింటున్నదే. చాలామంది పట్టించుకోనిది 'క్వాలిఫయింగ్' అన్న మాట. సెలవు మించి ఇంట్లో ఉన్న రోజులు, చెప్పకుండా యూనిట్ వదిలి వెళ్లిన రోజులు, శిక్షపడి కస్టడీలో ఉన్న రోజులు క్యాలెండర్‌లో ఉంటాయి కానీ పింఛను లెక్కలో ఉండవు. మీరు మరిచిపోయినా మీ సర్వీసు రికార్డు మరిచిపోదు. పన్నెండేళ్ల కిందటి అయిదు రోజులు కూడా అందులో ఉంటాయి.

పదిహేనేళ్లు నిండితే ఏమొస్తుందో, నిండకపోతే ఏమొస్తుందో పక్కపక్కన పెట్టి చూడండి. ఉదాహరణకు బేసిక్ 36,000, మిలిటరీ సర్వీస్ పే 5,200 అనుకుందాం. మొత్తం 41,200. పూర్తి పింఛనుకు 33 ఏళ్ల సర్వీసు ఉండాలన్న షరతు 2006 జనవరి 1 నుంచి పోయింది కాబట్టి, పదిహేనేళ్లు నిండినవాడికి ఇందులో సగం, అంటే 20,600 పింఛను. దాని మీద డీఆర్ (ధరల పెరుగుదలకు ఇచ్చే కరువు భత్యం) అదనం. ఏటా రెండుసార్లు డీఆర్ సవరిస్తారు, వేతన సంఘం వస్తే పింఛను కూడా మారుతుంది. మీ తర్వాత మీ ఇంటావిడకు ఫ్యామిలీ పింఛను. మీకూ, మీ మీద ఆధారపడినవాళ్లకూ ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) వైద్యం. క్యాంటీన్ కార్డు.

పదిహేనేళ్లు నిండనివాడికి సర్వీస్ గ్రాట్యుటీ ఇస్తారు. ప్రతి ఆరు నెలల సర్వీసుకు అర నెల జీతం లెక్కన పద్నాలుగున్నర ఏళ్లకు పద్నాలుగున్నర నెలల జీతం, అంటే ఇదే ఉదాహరణలో కరువు భత్యం కలపకుండా ఆరు లక్షల దగ్గర. రిటైర్మెంట్ గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్, గ్రూప్ ఇన్సూరెన్స్ డబ్బు ఇద్దరికీ వస్తాయి కాబట్టి వాటిని పక్కన పెట్టండి. ఆరు లక్షలు ఒక్కసారి చేతికొస్తే పెద్ద మొత్తంలాగే కనిపిస్తుంది. కానీ నెలకు 20,600 లెక్కన, డీఆర్ కలపకుండానే, రెండున్నరేళ్లలో అంతకన్నా ఎక్కువ వస్తుంది. మీ వయసు అప్పటికి ముప్పై అయిదో, ముప్పై ఆరో. ముందున్న జీవితమంతా ఆ పింఛను వస్తూనే ఉంటుంది.

ఇంకో నష్టం ఉంది, దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. పింఛను సంపాదించకుండా సొంత కోరిక మీద బయటికి వచ్చినవాడు చట్టం లెక్కలో మాజీ సైనికుడు కాడు. కేంద్ర ఉద్యోగాల్లో గ్రూప్ సీకి 10 శాతం, ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు స్థాయికి 14.5 శాతం మాజీ సైనికుల కోటా ఉంది. 'బయటికొచ్చి బ్యాంకు పరీక్ష రాస్తాను, కోటా ఉంది కదా' అని పద్నాలుగేళ్లకు దిగిపోయిన పిల్లలను చూశాను. సర్టిఫికెట్ కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే, నువ్వు ఈ కోవలోకి రావు నాయనా అన్నారు. ఏ కోటాను నమ్ముకుని దిగాడో ఆ కోటాకే పనికిరాకుండా పోయాడు.

'కొన్ని నెలలు తక్కువైతే మాఫీ చేస్తారు' అని యూనిట్‌లో ఎవరో ఒకరు చెబుతారు. తక్కువైన సర్వీసును పన్నెండు నెలల దాకా మన్నించే అధికారం సర్వీస్ హెడ్‌క్వార్టర్స్‌కు ఉన్న మాట నిజమే. కానీ పింఛను నిబంధనలో ఆ మన్నింపు సొంత కోరిక మీద వెళ్లినవాడికి వర్తించదనే ఉంది. ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్‌కు వెళ్లి తెచ్చుకున్నవాళ్లు లేకపోలేదు. మనకు ట్రైబ్యునల్ అంటే చెన్నై బెంచి. వకీలు ఫీజు, వాయిదాలు, ఏళ్లు. పద్దెనిమిది రోజులు యూనిట్‌లో ఉంటే సరిపోయేదానికి ఎన్నేళ్లు తిరగాలో ఆలోచించండి. అలాగే 'పద్నాలుగేళ్ల తొమ్మిది నెలలు చాలు, పైకి రౌండ్ చేస్తారు' అన్న మాట. దాన్ని నమ్మి సంతకం పెట్టొద్దు. పదిహేను నిండాలి, కాగితం మీద నిండాలి.

ఇంటి దగ్గర మొదలయ్యే ఒత్తిడి

మా వైపు కారణాలు ఎప్పుడూ ఇవే: పొలం తగాదా, అమ్మానాయనల ఆరోగ్యం, చీనీ తోటకు నీళ్లు చాలక వెయ్యి అడుగుల బోరు వేయాలన్న ఆలోచన, లేకపోతే రాయచోటి, రాజంపేట వైపు బంధువుల నుంచి వచ్చే కువైట్ కబురు. ఏ కారణమూ చిన్నది కాదు. కానీ వీటిలో చాలావాటికి ఉద్యోగం వదలకుండానే దారి ఉంది.

పొలం తగాదా అయితే మీ కమాండింగ్ ఆఫీసర్ ద్వారా జిల్లా కలెక్టర్‌కు ఉత్తరం రాయించండి. దాని ప్రతి సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇచ్చి వెంటపడండి. కేసు కోర్టులో ఉంటే, డ్యూటీలో ఉన్న సిపాయి లేని సమయంలో కేసు నడిచి అన్యాయం కాకుండా 1925 నాటి చట్టం ఒకటి రక్షణ ఇస్తుంది. దాని పేరు ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ యాక్ట్. మీ వకీలుకు గుర్తుచేయండి.

ఇంట్లో జబ్బు మనిషి ఉంటే కంపాషనేట్ గ్రౌండ్స్ మీద, అంటే ఇంటి కష్టం చూపించి, దగ్గర్లో పోస్టింగ్ అడగండి. కర్నూలు, అనంతపురం, కడప మూడుచోట్లా ఎన్‌సీసీ బెటాలియన్లు ఉన్నాయి. అక్కడ పనిచేసేది యూనిట్ల నుంచి వచ్చిన మనలాంటి వాళ్లే. దొరుకుతుందన్న హామీ లేదు, అయినా అడగకుండానే డిశ్చార్జి రాసేవాళ్లే ఎక్కువ. ఆసుపత్రి కాగితాలు, తహసీల్దారు సర్టిఫికెట్ జతచేసి రాతపూర్వకంగా అడగండి.

బోరు, కువైట్ సంగతి సూటిగా చెబుతాను. మన నేలలో బోరులో నీళ్లు పడతాయన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. కువైట్ ఏజెంటు చెప్పే జీతం చేతికొచ్చేదాకా జీతం కాదు. వీటి కోసం పద్నాలుగో ఏట పింఛను వదులుకోవద్దు. పదిహేను నిండాక మీ ఇష్టం.

పదిహేను నిండినవాళ్లు కూడా ఆగి చూసుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, 16 ఏళ్లకు వచ్చే ఎంఏసీపీ. ప్రమోషన్ రాకపోయినా 8, 16, 24 ఏళ్లకు పే లెవల్ పెరుగుతుంది. పదిహేనేళ్ల మూడు నెలలకు దిగితే 16 ఏళ్ల పెంపు పోయినట్టే, దాంతోపాటు జీవితాంతం వచ్చే పింఛను కూడా ఆ మేరకు తగ్గుతుంది. రెండోది వన్ ర్యాంక్ వన్ పెన్షన్, అంటే ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవాళ్లకు ఎప్పుడు దిగినా ఒకే పింఛను. 2015 నవంబర్ 7 నాటి ఉత్తర్వు ప్రకారం, ఆ తర్వాత సొంత కోరిక మీద డిశ్చార్జి తీసుకునేవాళ్లకు అది వర్తించదు. దీని మీద కేసులు నడిచాయి. కానీ మీ ఇంటి లెక్కలో దాన్ని కలపొద్దు. ఎంగేజ్‌మెంట్ గడువు (చేరినప్పుడు ఒప్పుకున్న సర్వీసు కాలం) పూర్తిచేసి దిగేవాడికీ, మధ్యలో అడిగి దిగేవాడికీ ఉన్న ఈ తేడా ఏళ్లు గడిచేకొద్దీ పెద్దదవుతుంది.

అగ్నివీర్ పిల్లలకు ఈ పదిహేనేళ్ల లెక్క లేదు. సర్వీసు నాలుగేళ్లు, పింఛనూ గ్రాట్యుటీ లేవు, మీ వాటా, ప్రభుత్వ వాటా కలిపి చివర్లో ఇచ్చే సేవానిధి ఒక్కటే. అందుకని మధ్యలో వచ్చేయొచ్చు అనుకోవద్దు. సొంత కోరిక మీద ముందే వెళ్తే మీ వాటా, దాని వడ్డీయే చేతికొస్తుంది, ప్రభుత్వ వాటా రాదు. నాలుగేళ్లూ చేయండి.

ఇక వరసగా చెబుతాను, గుర్తుపెట్టుకోండి.

– సెలవులో ఉండగా నిర్ణయం తీసుకోవద్దు. తిరిగి యూనిట్‌కు వెళ్లాక, ఒక నెల గడిచాక ఆలోచించండి. ఇంట్లో వాళ్ల కన్నీళ్ల ముందు ఏ లెక్కా నిలవదు.

– సెలవు పొడిగింపు కావాలంటే గడువు ముగియకముందే యూనిట్‌ను అడగండి. ఫోన్ చేశాను అంటే చాలదు, జవాబు కాగితం మీదో, మెసేజ్‌లోనో ఉండాలి.

– 'వెళ్లకుండా కూర్చుంటే వాళ్లే తీసేస్తారు, అదే డిశ్చార్జి' అని ఎవరైనా చెబితే ఆ మనిషి దగ్గర కూర్చోవద్దు. ముప్పై రోజులు దాటితే కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ పెట్టి డెసర్టర్‌గా (పారిపోయినవాడిగా) ప్రకటిస్తారు. డిస్మిస్ అయితే పింఛను మాట అటుంచి, ఇన్నేళ్ల సర్వీసూ మట్టిలో కలుస్తుంది.

– రికార్డు ఆఫీసుకు యూనిట్ ద్వారా రాసి క్వాలిఫయింగ్ సర్వీస్ ఎంతో రాతపూర్వకంగా తెప్పించుకోండి. లెక్కలోకి రాని రోజులెన్నో విడిగా అడగండి. నోటిమాట వద్దు, అది హెడ్ క్లర్కు చెప్పినా సరే.

– లెక్క సరిగ్గా పదిహేనేళ్ల దగ్గర ఉంటే, ఇంకో ఆరు నెలలు ఉండండి. అంచు మీద నిలబడొద్దు.

– దరఖాస్తులో ప్రతి వాక్యం చదవండి. హిందీ, ఇంగ్లిష్ రాకపోతే వచ్చినవాడితో చదివించుకోండి. పింఛను రాకపోయినా నాకు సమ్మతమే అన్న వాక్యం గుత్తి కుర్రాడి దరఖాస్తులో ఉంది. కింద అతని సంతకమూ ఉంది.

– ఇంకొకరు నింపిన ఫారం మీద సంతకం చేయొద్దు. ఖాళీ ఫారం మీద అసలే వద్దు.

– పెళ్లి, పిల్లల పుట్టుక పార్ట్ టూ ఆర్డర్‌లో (ఇంటి వివరాలను సర్వీసు రికార్డులో ఎక్కించే ఉత్తర్వులో) ఎక్కాయో లేదో చూడండి. భార్య పేరు ఆధార్‌లో ఒకలా, రికార్డులో ఒకలా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. మీరు పోయాక ఆమె ఆ ఒక్క అక్షరం కోసం ఏళ్లకేళ్లు తిరగాల్సి వస్తుంది.

– మెడికల్ బోర్డు ముందు నడుము నొప్పి, మోకాలు, బీపీ, చెవి ఏదీ దాచొద్దు. సర్వీసులో వచ్చిందని అక్కడ నమోదు కాకపోతే తర్వాత నిరూపించడం చాలా కష్టం.

– అప్పులు చూసుకోండి. ఫండ్ నుంచి తీసిన హౌస్ లోన్ బాకీ ఉంటే చివరి డబ్బులోంచి కోస్తారు. చేతికెంత వస్తుందో ఆ బాకీ తీసేశాకే లెక్కేయండి.

– కమ్యూటేషన్, అంటే పింఛనులో కొంత వదులుకుని దానికి బదులు ముందే ఒక్కసారి డబ్బు తీసుకోవడం, సగం దాకా చేయొచ్చు. చేయొచ్చు అంటే చేయాలని కాదు. తగ్గిన పింఛను పదిహేనేళ్ల తర్వాతే మళ్లీ నిండుతుంది. బోరు కోసం కమ్యూట్ చేయొద్దు.

– ప్రైవేటు ఉద్యోగం మాట ఇచ్చినవాడి దగ్గర ఆఫర్ లెటర్ తీసుకోండి. లెటర్ ఇవ్వనివాడి మాట మీద రాజీనామా రాయొద్దు.

– గవర్నమెంటు ఉద్యోగానికి అప్లై చేస్తే యూనిట్ అనుమతితోనే చేయండి. ఎన్ఓసీ లేకుండా రాసి పాసైతే చేరే రోజున ఇరుక్కుంటారు.

– వేతన సంఘం, కొత్త పింఛను నిబంధనల గురించి వాట్సాప్‌లో వచ్చిన ఏ మెసేజ్‌నూ చూసి తేదీ నిర్ణయించుకోవద్దు. ఉత్తర్వు కాపీ చూపించమనండి.

– ఇంటావిడతో కూర్చుని నెల ఖర్చు రాయండి. అద్దె, ఫీజులు, మందులు, అమ్మానాయనలు. పింఛను లేకుండా ఆ ఖర్చు ఎలా వెళ్తుందో ఆమెనే అడగండి. చాలామంది ఈ మాట ఆమెకు డిశ్చార్జి అయ్యాకే చెబుతున్నారు.

– అన్న చెప్పాడు, మామ చెప్పాడు, ఊరి పెద్ద చెప్పాడు అంటారు. వాళ్లెవరూ మీ పింఛను ఇవ్వరు. పదిహేనేళ్లు నిండినట్టు కాగితం వచ్చిందా? రాలేదంటే సంతకం లేదు.

– ఇప్పటికే దరఖాస్తు పెట్టేసి, లెక్క తక్కువుందని అనుమానం ఉంటే, డిశ్చార్జి తేదీ రాకముందే రద్దు కోరుతూ కమాండింగ్ ఆఫీసర్‌కు రాసివ్వండి. ఒప్పుకోవడం పైవాళ్ల చేతిలో ఉంటుంది, కానీ యూనిట్ గేటు దాటాక అడగడానికి కూడా ఏమీ ఉండదు. మీ కాపీ మీద తేదీ, స్టాంపు వేయించుకోండి. సెలవులో ఉన్నా సరే, సెలవు అయిపోయేదాకా ఆగకుండా ఈరోజే యూనిట్‌కు ఫోన్ చేసి, ఆ వెంటనే కాగితం రిజిస్టర్ పోస్టులో పంపండి.