రెండు మనసులు మిగిల్చిన సినిమా గురించి ఒక పేజీ రాయడం ఎలా

సినిమా అయిపోయాక ఎలా ఉందని అడిగితే "బాగానే ఉంది, కానీ..." అని ఆగిపోయేవాళ్లు ఎక్కువ. ఆ "కానీ" తర్వాత ఏముందో కనుక్కుని ఒక పేజీలో పెట్టడం ఎలాగో చెబుతాను. ముఖ్యంగా ముగింపు దగ్గర, హీరో దగ్గర మనసు ఎటూ తేల్చుకోలేని సినిమాల గురించి.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. పబ్లిక్ పరీక్షలు అయ్యాక, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) క్లాసులు ఊపందుకోకముందే, ఒక సాయంత్రం క్లాస్‌రూమ్ కిటికీలకు దుప్పట్లు కట్టి ప్రొజెక్టర్ మీద సినిమా వేస్తాను. ఎక్కువగా వేసేది 'బ్యాక్ టు ది ఫ్యూచర్'. రాబర్ట్ జెమెకిస్ తీసిన 1985 నాటి సినిమా. సైన్స్ ఫిక్షనే అయినా మొదటి నుంచి చివరిదాకా నవ్విస్తుంది. ఇంగ్లిష్ అంతగా రాని పిల్లలు కూడా సబ్‌టైటిల్స్ చదువుకుంటూ పగలబడి నవ్వుతారు. మర్నాడు తలా ఒక పేజీ రాసి తేవాలి. ఆ పేజీలు దిద్దుతూ దిద్దుతూ కుదిరిన పద్ధతి ఇది కాబట్టి ఉదాహరణలు దాదాపు అన్నీ ఈ సినిమాలోవే. చూడనివాళ్లు ముందు చూసి రండి, ముగింపు మొత్తం చెప్పేస్తున్నాను.

కథ తెలిసినదే. మార్టీ అనే పదిహేడేళ్ల కుర్రాడు డాక్ బ్రౌన్ తయారుచేసిన కారు టైమ్ మెషీన్‌లో 1985 నుంచి 1955కి వెళ్లిపోతాడు. అక్కడ అమ్మానాన్నల తొలి పరిచయానికి తనే అడ్డుపడతాడు. వాళ్లిద్దరినీ కలపకపోతే తను పుట్టడు. ఎలాగో కలిపి తిరిగొస్తాడు. వచ్చేసరికి ఇల్లంతా మారిపోయి ఉంటుంది.

మొట్టమొదట, రేటింగ్ ఇవ్వకండి. గడియారం స్తంభం మీద పిడుగు పడే సీన్‌లో గుండె దడదడలాడింది, మర్నాడు పొద్దున ఇంట్లో సీన్‌కి మనసు ఒప్పుకోలేదు అనుకుందాం. ఈ రెండిటికీ సగటు తీస్తే మూడున్నర వస్తుంది. ఆ మూడున్నరలో గుండెదడా కనిపించదు, ఒప్పుకోని మనసూ కనిపించదు. రెండు అభిప్రాయాలూ గట్టివైతే రెండూ గట్టిగానే కాగితం మీదికి రావాలి.

ఆ రాత్రే, ఎవరితోనూ మాట్లాడకముందే, మనసు ఎక్కడ పట్టేసిందో సీన్‌తో సహా రాసుకోండి. "క్లైమాక్స్ నచ్చలేదు" అని రాస్తే నేను పేజీ వెనక్కి ఇచ్చేస్తాను. ఎందుకంటే ఈ సినిమాకి ముగింపు ఒకటి కాదు, నాలుగు. 1955 నవంబర్ 12 రాత్రి 10 గంటల 4 నిమిషాలకు పిడుగు పడటం ఒకటి. 1985లో మాల్ పార్కింగ్‌లో, చనిపోయాడనుకున్న డాక్ లేచి కూర్చోవడం రెండోది. పొద్దున్నే మారిపోయిన ఇల్లు మూడోది. డాక్ భవిష్యత్తు నుంచి ఊడిపడి మార్టీని, అతని గర్ల్‌ఫ్రెండ్‌ని ఎక్కించుకుని ఎగిరిపోవడం నాలుగోది. పిల్లల్ని విడివిడిగా అడిగితే మొదటి దానికి అందరూ చప్పట్లే. రెండోదానికి కళ్లు చెమర్చినవాళ్లున్నారు. భవిష్యత్తు తెలుసుకోవడం ప్రమాదమని మార్టీ రాసిచ్చిన హెచ్చరిక ఉత్తరం చింపేసిన మనిషి, ముప్పై ఏళ్లు దాచుకున్న ఆ ఉత్తరాన్ని బయటికి తీస్తాడు. ముక్కలన్నీ టేపుతో అతికించి ఉంటాయి. తన నియమాన్ని తనే తప్పాడు, అయినా మనకు కోపం రాదు. అసలు గొడవంతా మూడోదాని దగ్గరే. అలా విడదీసుకున్న తర్వాతే పేజీ మొదలుపెట్టండి.

సైన్స్ సంగతి త్వరగా తేల్చేయండి. మా పిల్లలు ముందు దాని మీదే పడతారు, నాకూ సరదాయే. కారు టైమ్ మెషీన్‌గా పనిచేయడానికి కావాల్సిన 1.21 గిగావాట్లంటే 1210 మెగావాట్లు. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో 210 మెగావాట్ల యూనిట్లు ఆరు కలిపితే 1260. అంటే దాదాపు ఆ ఆరు యూనిట్ల కరెంటూ ఒక్క కారుకే కావాలి. ఆ కారు అందుకోవాల్సిన వేగం, గంటకు 88 మైళ్లంటే సుమారు 142 కిలోమీటర్లు. ఇవన్నీ బోర్డు మీద లెక్కలు వేసుకోవడానికి బాగుంటాయి కానీ, పేజీలో ఫిర్యాదుగా రాయకండి. కామెడీ సినిమాని అడగాల్సింది నిజమైన సైన్స్ కాదు, తను పెట్టుకున్న నియమాన్ని తను పాటించిందా అన్నదే. ఆ కరెంటు కోసం వాడే ప్లుటోనియం 1955లో దొరకదు, పిడుగు ఒక్కటే దిక్కు అని చెప్పింది, చివరిదాకా ఆ మాట మీదే నిలబడింది. అక్కడితో సరి.

ఇక హీరో. దీని మీద ఎక్కువసేపు కూర్చోవాలి.

హీరో చివరికి మారాడా లేదా అని నేరుగా అడగకండి. ఈ హీరో మారతాడని సినిమా ఎక్కడైనా మాట ఇచ్చిందా అని అడగండి. మన 'ఆదిత్య 369' తీసుకోండి. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన ఆ సినిమాలో బాలకృష్ణ వేసిన కృష్ణకుమార్ మొదటి నుంచే ధైర్యవంతుడు. 1526లో రాయలవారి కాలానికి వెళ్లినా, 2504కి వెళ్లినా అతను అతనే. మనం ఆ కాలాలు చూడ్డానికి వెళ్తున్నాం, అతన్ని బాగుచేయడానికి కాదు. కాబట్టి అక్కడ "హీరోలో ఎదుగుదల లేదు" అని రాస్తే అన్యాయం.

మార్టీ విషయంలో అలా కాదు. సినిమా మొదట్లోనే అతని బ్యాండ్‌ని మరీ గోలగా ఉందని తిప్పి పంపేస్తారు. తను రికార్డ్ చేసుకున్న టేపుని కంపెనీకి పంపమని గర్ల్‌ఫ్రెండ్ అంటుంది. వాళ్లు బాగోలేదంటే తట్టుకోలేనేమో అంటాడు. అని, అయ్యో, మా నాన్నలాగే మాట్లాడుతున్నానే అని తనే అనుకుంటాడు. తర్వాత 1955లో కుర్రాడిగా ఉన్న తండ్రి జార్జ్ క్యాంటీన్‌లో కూర్చుని రహస్యంగా కథలు రాసుకుంటూ ఉంటాడు. ఎవరికైనా చూపించొచ్చుగా అంటే, బాగోలేదంటే తట్టుకోలేనంటాడు. దాదాపు అవే మాటలు. ఇది యాదృచ్ఛికం కాదు, రాసినవాళ్లు కావాలని వేసిన ముడి. తండ్రికీ కొడుక్కీ ఒకటే భయం అని మనకు చెప్పారు.

ఇప్పుడు ముగింపుకి రండి. ఆ ముడి ఎవరి దగ్గర విడిపోయింది? జార్జ్ దగ్గర. స్కూల్ డ్యాన్స్ రాత్రి, జార్జ్‌ని లొరెయిన్ (మార్టీ అమ్మ) ముందు హీరోని చేయాలని మార్టీ వేసిన నాటకం పాడైపోయి, జార్జ్‌ని ఎప్పుడూ ఏడిపించే బిఫ్ నిజంగానే ఎదురుపడితే, జార్జ్ వణుకుతూనే పిడికిలి బిగించి కొడతాడు. అది మార్టీ నేర్పింది కాదు, ఆ క్షణంలో తనలోంచే వచ్చింది. చివర్లో అతను రాసిన మొదటి నవల పెట్టెలో ఇంటికి వస్తుంది. మరి మార్టీ టేపు? పంపాడా లేదా అన్న మాటే రాదు. అతనికి గ్యారేజీలో కొత్త ట్రక్కు దొరుకుతుంది, కథ మొదట్లో ఆశగా చూసిన ట్రక్కే. భయపడిన ఇద్దరిలో ఒకరు భయాన్ని దాటారు, రెండోవారికి బండి తాళాలు దొరికాయి. నాకు ఈ సినిమా ఎంత ఇష్టమైనా ఆ సీన్ దగ్గర మనసు ఆగిపోయేది ఇందుకే. "హీరో వీక్" అని రాసిన పిల్లలందరి మనసులోనూ ఉన్నది ఇదే. టేపు దాకా వెళ్లి చూడకపోవడం వల్ల ఆ ఒక్క మాటతో సరిపెట్టారు.

మీ పేజీలో కూడా అలాగే చేయండి. హీరో గురించి సినిమా మొదటి పావుగంటలో ఏం చెప్పింది, చివరి పావుగంటలో ఏం చెప్పింది, రెండూ పక్కపక్కన రాసుకోండి. వాటి మధ్య ఖాళీ ఉంటే మీ అసంతృప్తి అక్కడే పుట్టింది. ఖాళీ లేకపోయినా అసంతృప్తి ఉంటే కారణం ఇంకెక్కడో ఉంది, వెతకండి.

ఆ తర్వాత, ముగింపు దేన్ని బహుమతిగా ఇచ్చిందో చూడండి. అన్నయ్య సూటు వేసుకుని ఆఫీసుకు బయల్దేరతాడు, అమ్మానాన్న టెన్నిస్ ఆడి వస్తారు, వాకిట్లో మెరిసే కారు. వాళ్లు సంతోషంగా ఉన్నారని చెప్పడానికి సినిమా వాడిన గుర్తులన్నీ డబ్బుతో కొన్నవే. జార్జ్ వేషం వేసిన క్రిస్పిన్ గ్లోవర్‌కే ఇది నచ్చలేదు. ప్రేమ దొరకడమే బహుమతి కావాలి కానీ డబ్బు కాదని తన అభ్యంతరాన్ని ఆయన తర్వాతి ఇంటర్వ్యూల్లో బాహాటంగానే చెప్పాడు. 1989లో వచ్చిన రెండో భాగంలో ఆయన నటించలేదు. సినిమాలో ఉన్న మనిషికే రెండు మనసులు ఉన్నాయంటే, ప్రేక్షకులుగా మనకు ఉంటే సంకోచించాల్సిన పనేముంది?

నన్ను ఇంకా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆ కారు తుడుస్తున్న మనిషి, బిఫ్. ముప్పై ఏళ్ల కింద లొరెయిన్ మీద బలవంతం చేయబోయినవాడు ఇప్పుడు అదే ఇంటి వాకిట్లో వినయంగా నవ్వుతూ పనిచేస్తున్నాడు. అతను లొంగిపోయాడని హాలంతా నవ్వుతుంది. మా క్లాసులో ఒకమ్మాయి మాత్రం "మేడమ్, వాళ్లమ్మ అతన్ని ఇంటికి ఎలా రానిస్తోంది?" అని రాసింది. ఆ ఏడాది వచ్చిన పేజీల్లో నాకు బాగా నచ్చిన వాక్యం అదే. ఒక్క ప్రశ్న, ఒక్క మనిషి వైపు నుంచి. సమాజం, స్త్రీ, న్యాయం అంటూ పెద్ద మాటలేమీ వాడలేదు.

ఇలాంటిదే ఇంకో ప్రశ్న ఒక అబ్బాయి తెచ్చాడు. ఆ మంచి ఇంట్లో, ధైర్యవంతుడైన తండ్రి దగ్గర పెరిగిన మార్టీ ఏమయ్యాడని. మన మార్టీ డాక్‌ని కాపాడాలని పదకొండు నిమిషాలు ముందుగా, 1:24కి తిరిగి వచ్చి, ఇంకో మార్టీ అదే కారులో వెళ్లిపోవడం పార్కింగ్‌లో తన కళ్లతో చూస్తాడు. ఆ ఇల్లు నిజానికి ఆ వెళ్లిపోయిన కుర్రాడిది. మన మార్టీకి తన అమ్మానాన్నలతో గడిచిన పదిహేడేళ్లు గుర్తున్నాయి కానీ ఈ అమ్మానాన్నలకు గుర్తున్నవి వేరే. ఇది సైన్స్ తప్పు పట్టడం కాదు, హీరో బాధ. సినిమా దాన్ని నవ్వుతో దాటేసిందని రాస్తే నేను ఒప్పుకుంటాను.

అలాగని తోచిన ప్రతి "కానీ"నీ ఒకే పేజీలో కుక్కకండి. డ్యాన్స్‌లో మార్టీ వాయించే 'జానీ బి. గుడ్' నిజానికి చక్ బెర్రీ 1958లో తెచ్చిన పాట. ఆ నల్లజాతి కళాకారుడే తన పాటని ఒక తెల్ల కుర్రాడి నుంచి విన్నట్టు చూపించడం మీద మంచి వ్యాసమే రాయొచ్చు. కానీ అది ముగింపు గురించి కాదు, వేరే కాగితం తీసుకోండి.

పేజీలో సగం మీ మీద మీరే వాదించుకోవడానికి వదలండి. నచ్చినవాళ్ల వైపు బలమైన మాట ఏది? నాకు తట్టినది ఇది: మార్టీ అదే డ్యాన్స్‌లో స్టేజీ ఎక్కి వాయించాడు, జనం నోళ్లు తెరుచుకుని నిశ్శబ్దంగా నిలబడితే నవ్వి దిగిపోయాడు. నచ్చలేదంటే తట్టుకోలేనన్న కుర్రాడు తట్టుకున్నాడు కదా. అంటే టేపు పంపకపోయినా భయం పోయిందనే అనుకోవచ్చు. ఈ వాదన నన్ను సగం ఒప్పిస్తుంది. ఆ సగాన్ని కూడా నిజాయితీగా రాయాలి, "అయితే" అని ఒక్క మాటతో తోసేయకూడదు.

రాసేటప్పుడు నచ్చినది ముందా, నచ్చనిది ముందా అని అడుగుతుంటారు. ఏది మీకు ఇంకా తేలలేదో అది చివర పెట్టండి. తేలిపోయినవి ముందే చెప్పేయొచ్చు. "స్క్రీన్‌ప్లే అద్భుతం", "హీరో పాత్ర చిత్రణలో లోపం" లాంటి అరిగిపోయిన మాటలు కనిపిస్తే కొట్టేసి, ఆ చోట సీన్ పెట్టండి. "టేపు సంగతి మళ్లీ ఎత్తలేదు" అన్న చిన్న వాక్యం ఆ రెండిటి కంటే ఎక్కువ చెబుతుంది.

పేజీ అయ్యాక ఆ సినిమా అంటే ప్రాణం పెట్టే ఒకరికి చదివి వినిపించండి, మీతో ఏకీభవించేవాళ్లకి వద్దు. వాళ్లు ఏ వాక్యం దగ్గర అడ్డుపడితే ఆ ఒక్క సీన్ ఇద్దరూ కలిసి మళ్లీ చూడండి. వాళ్లు చెప్పింది తెర మీద కనిపిస్తే వాక్యం మార్చండి. కనిపించకపోతే ఎంత దగ్గరవాళ్లు అడిగినా అలాగే ఉంచండి.