బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్ళు తెలుసుకోవాల్సినవి: ఎలా వేసుకోవాలి, ఎందుకు సొంతంగా ఆపకూడదు

"బీపీ 120/80కి వచ్చేసింది కదా, ఇంకా ఈ మాత్ర ఎందుకు దండగ" అని ఆపేసేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఏ బీపీ మాత్రతో అలా చేసినా తప్పే గానీ, బీటా బ్లాకర్‌తో చేస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ముఖ్యంగా ఆంజైనా, అంటే నడిస్తేనో మెట్లెక్కితేనో గుండె పట్టేసినట్టు వచ్చే నొప్పి ఉన్నవాళ్ళకి.

అందుకని ముందు మీరు వాడేది బీటా బ్లాకరో కాదో చూసుకోండి. స్ట్రిప్ మీద కంపెనీ పెట్టిన పెద్ద పేరు వదిలేసి, చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. అటెనొలాల్, మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, ప్రొప్రానొలాల్, నెబివొలాల్, కార్వెడిలాల్... చివర్లో "లాల్" ఉంటే దాదాపుగా ఈ కుటుంబమే. కొన్ని మాత్రల్లో ఇది ఇంకో మందుతో కలిసి ఉంటుంది, స్టామ్లో బీటాలో ఆమ్లోడిపిన్‌తో పాటు అటెనొలాల్ ఉన్నట్టు. అది వాడుతూనే ఇంకో డాక్టరు రాసిన అటెనొలాల్ విడిగా వేసుకుంటే ఒకే మందు రెండుసార్లు లోపలికి పోతుంది, పల్స్ పడిపోతుంది. ఇంకో గొడవ ఏంటంటే, మెడికల్ షాపులో అయిదు మాత్రలు అడిగితే స్ట్రిప్ కత్తిరించి ఇస్తారు, పేరు ఒక ముక్కలో ఉంటుంది, ఎక్స్‌పైరీ తేదీ ఇంకో ముక్కలో షాపులోనే ఉండిపోతుంది. ఈ మందు మాత్రం పూర్తి స్ట్రిప్పే కొనండి.

ఇది పనిచేసే తీరు పెద్ద కష్టమేమీ కాదు. కోపం, భయం, పరుగు, టెన్షన్, వీటన్నిటప్పుడూ అడ్రినలిన్ అనే హార్మోన్ వచ్చి గుండెని గట్టిగా, వేగంగా కొట్టుకోమంటుంది. రక్తనాళం సన్నబడినవాళ్ళకి ఆ వేగానికి సరిపడా రక్తం అందక నొప్పి వస్తుంది. బీటా బ్లాకర్ ఆ అడ్రినలిన్‌ని గుండెకి తగలకుండా ఆపుతుంది, గుండె నిమ్మళంగా కొట్టుకుంటుంది, దానికి కావలసిన రక్తం కూడా తగ్గుతుంది. 1960లలో బ్రిటన్‌లో జేమ్స్ బ్లాక్ ప్రొప్రానొలాల్ తయారు చేసింది ఈ ఆలోచనతోనే, 1988లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఉత్త బీపీకి మాత్రం ఇప్పుడు చాలామంది డాక్టర్లు దీన్ని మొదటి మందుగా రాయరు, బ్రిటన్ మార్గదర్శకాలు 2006లోనే దీన్ని వెనక్కి నెట్టాయి. ఆంజైనా, పాత హార్ట్ ఎటాక్, గుండె బలహీనత, గుండె లయ తప్పడం లాంటివి ఉంటే కథ వేరు. కాబట్టి పక్కింటాయనకి ఒక మాత్ర, నాకు ఇంకోటి ఎందుకు రాశారని పోల్చుకోకండి, మాత్రలు అసలే మార్చుకోకండి.

ఇక ఆపే సంగతి. మందు అడ్డుగా ఉన్నన్నాళ్ళూ గుండె కణాల మీద అడ్రినలిన్‌ని అందుకునే గ్రాహకాలు పెరుగుతూ ఉంటాయి. ఉన్నట్టుండి మాత్ర మానేస్తే పెరిగిన వాటన్నిటికీ ఒక్కసారిగా అడ్రినలిన్ తగులుతుంది. దడ, బీపీ పైకి లేవడం, పోయిందనుకున్న ఛాతీ నొప్పి తిరిగి రావడం, కొందరికి ఏకంగా హార్ట్ ఎటాక్. అమెరికాలో అటెనొలాల్ సమాచార పత్రంలో ఈ హెచ్చరికని ప్రత్యేకంగా నల్ల గీతల గడి కట్టి మరీ వేస్తారు. నిజంగా ఆపాల్సి వస్తే డాక్టరే డోసు మెల్లగా, మామూలుగా ఒకటి రెండు వారాల్లో, తగ్గిస్తారు, ఆ రోజుల్లో బరువులు మోయడం, పరుగులు పెట్టడం పెట్టుకోకూడదు. మాత్రలు అయిపోవడం కూడా ఆపడమే! పండగ సెలవుల ముందు డబ్బా చూసుకోండి, ఒక వారానికి సరిపడా ఎప్పుడూ మిగిలి ఉండాలి.

రోజూ ఒకే వేళకి వేసుకోండి. మెటోప్రొలాల్, కార్వెడిలాల్ అన్నం లేదా టిఫిన్‌తో పాటు వేసుకోవడం మంచిది, కార్వెడిలాల్ ఖాళీ కడుపుతో వేసుకుంటే కూర్చున్న చోటు నుంచి లేవగానే కళ్ళు తిరగడం ఎక్కువ. పేరు చివర ఎక్స్‌ఎల్, ఈఆర్ అని ఉంటే అది రోజంతా కొద్దికొద్దిగా కరిగే మాత్ర, నూరకూడదు, నమలకూడదు. మధ్యలో గీత ఉండి డాక్టరు సగం వేసుకోమంటే ఆ గీత దగ్గర విరవచ్చు, అంతే. మెటోప్రొలాల్‌లో మామూలుది, ఎక్స్‌ఎల్ అని రెండు రకాలున్నాయి, అవి ఒకటి కాదు, షాపతను "అదే మందండీ" అన్నా చీటీతో సరిచూసుకోండి. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, తర్వాతి మాత్ర వేళ దగ్గర పడితే వదిలేయండి. రెండు కలిపి మాత్రం మింగొద్దు.

పల్స్ చూసుకోవడం అలవాటు చేసుకోండి. అయిదు నిమిషాలు కూర్చుని, అరచేయి పైకి పెట్టి, బొటనవేలి వైపు మణికట్టు దగ్గర ఎముక పక్కన చిన్న గుంటలో ఇంకో చేతి మూడు వేళ్ళు మెల్లగా ఆనించండి. బొటనవేలితో చూడొద్దు, దానిలో కొట్టుకునే నాడే మీకు తగులుతుంది. గడియారం చూస్తూ నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. ఆంజైనాకి డాక్టర్లు సాధారణంగా 55 నుంచి 60 మధ్య ఉండాలని చూస్తారు, అంటే 58 వచ్చిందని కంగారు పడక్కర్లేదు. 50 కంటే తగ్గినా, కళ్ళు తిరిగినా, పడిపోబోయినట్టు అనిపించినా తర్వాతి మాత్రకి ముందే డాక్టరుకి ఫోన్ చేయండి. నిజంగా స్పృహ తప్పితే, ఊపిరి ఆడకపోతే ఆసుపత్రికే.

ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి. ప్రొప్రానొలాల్ లాంటివి ఊపిరితిత్తుల గొట్టాలని బిగించేస్తాయి. ఇంటర్వ్యూ భయానికి, చేతులు వణుకుతున్నాయని ఈ మాత్రే షాపులో అడిగి కొనుక్కుని మింగేవాళ్ళున్నారు, వాళ్ళలో ఉబ్బసం ఉన్నవాళ్ళకి అదే ప్రమాదం. షుగర్ ఉండి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ వాడేవాళ్ళకి ఇంకో చిక్కు: షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు ఈ మందు వల్ల తెలియకుండా పోతాయి. చెమటలు మాత్రం పడతాయి. ఉన్నట్టుండి చెమట పట్టి నీరసంగా ఉంటే ముందు గ్లూకోమీటర్ తీయండి.

వేరే మందులతో జాగ్రత్త. బీపీకి, గుండెకి ఇచ్చే వెరపామిల్, డిల్టియాజెమ్ దీనికి తోడైతే గుండె మరీ నెమ్మదించవచ్చు. గ్లకోమాకి (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బుకి) వేసే టిమొలాల్ కంటి చుక్కలు కూడా బీటా బ్లాకరే, చుక్కలే కదా అని డాక్టరుకి చెప్పడం మానేస్తారు. మోకాళ్ళ నొప్పులకి రోజూ మింగే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ బీపీ మందుల పనిని తగ్గిస్తాయి. ముక్కు దిబ్బడకి ఇచ్చే చాలా జలుబు మాత్రల్లో బీపీ పెంచే మందు ఉంటుంది. గర్భం అనుకుంటున్నవాళ్ళు అటెనొలాల్ గురించి వెంటనే అడగాలి, ఆ సమయంలో దాన్ని సాధారణంగా మారుస్తారు.

మొదట్లో నీరసం, చేతులు కాళ్ళు చల్లబడటం, పిచ్చి కలలు మామూలే, చాలామందికి కొద్ది వారాల్లో సర్దుకుంటాయి. మగవాళ్ళకి అంగస్తంభన సమస్య వస్తే సిగ్గుపడి చెప్పకుండా మాత్ర మానేయడం, లేదా ఆంజైనాకి ఇచ్చే నైట్రేట్ మాత్రలు (సార్బిట్రేట్ లాంటివి) వాడుతూ షాపులో వయాగ్రా రకం కొనుక్కోవడం, రెండూ ప్రమాదమే. చెప్తే డాక్టరు మందు మార్చగలరు.

ఇంకో విషయం, ఛాతీ నొప్పి వచ్చినప్పుడు బీటా బ్లాకర్ ఇంకోటి వేసుకుంటే ఏమీ తగ్గదు, అది నొప్పి రాకుండా చూసే మందు. పని ఆపి కూర్చోండి, డాక్టరు ముందే రాసిచ్చి ఉంటే సార్బిట్రేట్ నాలుక కింద పెట్టుకోండి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి, ఆటో కోసం చూడొద్దు, గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు.

ఉపవాసం రోజు కూడా మాత్ర మానకండి, మంచినీళ్ళతో వేసుకుంటే దేవుడేం అనుకోడు. రంజాన్‌లో సహరీకా ఇఫ్తార్‌కా అన్నది ముందే అడిగి పెట్టుకోండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కాలనుకుంటే డాక్టరుని అడగండి, ఒప్పుకుంటే చేతి వాచీలో పల్స్ చూసి శ్రమని అంచనా వేయకండి, ఈ మందు వల్ల పల్స్ పెద్దగా పెరగదు. ఆపకుండా మాట్లాడుతూ ఎక్కగలుగుతున్నారా లేదా అన్నదే కొలత. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకి ఈ మాత్ర పేరు చెప్పి, ఆ రోజు పొద్దున వేసుకోవాలా అని అడగండి, మామూలుగా వేసుకోమనే అంటారు. అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్ళే అమ్మానాన్నలైతే మాత్రలు చేతి సంచిలో పెట్టుకోవాలి, చెక్-ఇన్ సూట్‌కేసులో కాదు. చీటీ మీద మందు అసలు పేరు, డోసు ఇంగ్లీషులో రాయించుకోండి, మన బ్రాండ్ పేరు చెప్తే అక్కడి ఫార్మసీలో అర్థం కాకపోవచ్చు.