పాత జీపు స్టీరింగ్ ఊగుతోందా? ముందు బాక్సు జోలికి వెళ్లొద్దు

మా పెదనాన్న పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కు కట్టెలు తోలిన జీపు ఇది, సీజే-3బీ. అమెరికా కంపెనీ విల్లీస్ వాళ్లు 1953లో తెచ్చిన ఎత్తు బానెట్ మోడల్. మన దేశంలో మహీంద్రా వాళ్లు తయారుచేశారు. దీని స్టీరింగ్ బాగుచేయబోయి నేను మొట్టమొదట చేసిన పని, స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ తిప్పుడును చక్రాల వైపు పంపే గేర్ల డబ్బా) పక్కనున్న అడ్జస్టింగ్ స్క్రూ బిగించడం. అదే తప్పు.

సమస్య: స్టీరింగ్ రెండు మూడు అంగుళాలు తిరిగినా చక్రాలు కదలవు

బాక్సు నుంచి పిట్మన్ ఆర్మ్ (బాక్సు తిప్పే చెయ్యి), డ్రాగ్ లింక్ (దాన్ని ముందుకు కలిపే కడ్డీ), బెల్ క్రాంక్ (పిన్ను మీద తిరిగే మధ్య చెయ్యి), రెండు టై రాడ్లు (చక్రాలకు పోయే కడ్డీలు) దాటితేగానీ కదలిక చక్రం దాకా రాదు. ఒక్కో కీలు దగ్గర కాస్త అరిగినా అన్నీ కలిసి ఇంత ప్లే (ఖాళీ ఊగుడు) అవుతుంది. ఎవరినైనా కూర్చోబెట్టి స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించమనండి. మీరు కింద పడుకుని ఒక్కో కీలు మీద వేలు పెట్టి చూడండి. కదలిక ఎక్కడ ఆగితే లోపం అక్కడే. “అబ్బయా, పానా తర్వాత పట్టుకుందువు, ముందు కింద పడుకో” అని మా ఊరి ముసలి మెకానిక్ అనేవాడు.

మా జీపులో బెల్ క్రాంక్ పైకీ కిందికీ ఊగుతోంది. పిన్నూ బేరింగులూ కొత్తవి వేస్తే సగం ప్లే పోయింది. పిన్ కూర్చునే రంధ్రం కోలగా అరిగి ఉంటే కొత్త పిన్ దండగ. ముందు లేత్ షాపులో బుష్ (రంధ్రంలో తొడిగే గొట్టం) వేయించాలి. టై రాడ్ ఎండ్లు వదులైతే మార్చడమే. అరిగిన చోట వెల్డింగ్ పోసి ఇస్తామంటారు, స్టీరింగ్ సామానుకు మాత్రం ఒప్పుకోకండి.

సమస్య: గుంతలో పడగానే ముందు చక్రాలు గజగజ వణుకుతాయి

చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే దారిలో మాకు ఇది బాగా అనుభవం. ముందు గాలి, వీల్ బ్యాలెన్సింగ్ చూడండి. తర్వాత జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. ఊగుడు ఆగిందా, వీల్ బేరింగ్. ఆగలేదా, కింగ్ పిన్ (మలుపులో చక్రం తిరిగే నిలువు పిన్ను) బేరింగ్. కింగ్ పిన్ వదులైతే షిమ్‌లు (పల్చటి రేకు బిళ్లలు) తీసి బిగించాలి, పైన ఎంత తీస్తే కిందా అంతే. బేరింగ్ కప్పుల్లో గాట్లు పడితే షిమ్‌లతో పని జరగదు, సెట్టే మార్చాలి.

సమస్య: స్టీరింగ్ బరువు, మలుపు తర్వాత తిరిగి రాదు

గాలి తక్కువ, కింగ్ పిన్నులకు గ్రీజు లేదు, లేదా నాలాంటి వాళ్లెవరో స్క్రూ బిగించారు. బండి ఎక్కువగా తిన్నగానే నడుస్తుంది కాబట్టి బాక్సు లోపలి మర నడుమ ఎక్కువ అరుగుతుంది. అక్కడి ప్లే మొత్తం పోయేలా బిగిస్తే స్టీరింగ్ పూర్తిగా తిప్పిన రెండు కొసల్లో పట్టేస్తుంది. కారుతోందని బాక్సులో గ్రీజు కూరడం ఇంకో అలవాటు. పక్కకు నెట్టుకుపోయిన గ్రీజు తిరిగి రాదు, మర ఎండిపోతుంది. సీల్ మార్చి గేర్ ఆయిలే పోయండి.

ఒక పక్కకు లాగుతుంటే టైర్ల గాలి, పట్టేసిన బ్రేకు, తెగిన కమాన్ సెంటర్ బోల్టు (కమాన్ పట్టీలను నడుమ పట్టి ఉంచేది) చూసుకోండి.

అన్నీ అయ్యాక టో-ఇన్: ముందు చక్రాల మధ్య దూరం వెనక వైపు కంటే ముందు వైపు సుమారు 2 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. చాక్‌పీసు గీత, టేపు చాలు. ఇప్పుడు, చక్రాలు తిన్నగా పెట్టి, బాక్సు స్క్రూ కొద్దిగా తిప్పండి. ఒక కొస నుంచి రెండో కొస దాకా ఎక్కడా పట్టకూడదు. పట్టిందంటే వెనక్కి వదలండి.